మాట్లాడేటప్పుడు ఏ పదాలు వదిలేస్తాం, ఏ ధైర్యంతో?

పలుకుబడి | సోమవారం, ఉదయం 9:10

"నిన్న రాలేదు." రానిదెవరో ఈ వాక్యంలో లేదు. నేనా, నువ్వా, పాలవాడా, పార్సిలా? అయినా వినేవాళ్ళు తడుముకోకుండా అందుకుంటారు. మాటల్లో ఏ పదాలు జారిపోతాయి, వినేవాళ్ళు వాటిని ఎలా పూడ్చుకుంటారు, ఎక్కడ బెడిసికొడుతుంది అన్న మూడు సంగతులూ ఒకచోట చేరిస్తే బాగుంటుంది. అనువాదకులకి, తెలుగు నేర్పేవాళ్ళకి, తెలుగులో చాట్‌బాట్లు తయారుచేసేవాళ్ళకి రోజూ అడ్డొచ్చే సమస్యే ఇది. ఉదాహరణలతో రాయండి. భాష పాడైపోతోందన్న గొడవకి వేరే చర్చ నడుస్తూనే ఉంది, దాన్ని ఇక్కడికి లాక్కురావద్దు.

క్రియాంతం | సోమవారం, ఉదయం 9:48

ముందు కర్త సంగతి. వచ్చాను, వచ్చావు, వచ్చాడు: ఎవరో క్రియ చివరే తెలిసిపోతోంది. ముందు "నేను", "నువ్వు" పెట్టడమంటే ఒకే సమాచారం రెండుసార్లు ఇవ్వడం. క్రియ లేని వాక్యాల్లోనూ అంతే. "టీచర్ని" అంటే నేను, "మంచివాడివి" అంటే నువ్వు.

అయితే ఈ ప్రత్యయాలన్నీ సమానంగా పనిచెయ్యవు. "వచ్చాడు"లో ఒక మగమనిషి ఖాయం. "వచ్చింది" అంటే ఆమె కావచ్చు, అది కావచ్చు. "వచ్చారు" మరీ అన్యాయం: మీరు, వాళ్ళు, ఆయన, ఆవిడ, అందరికీ అదే. ఇక "వచ్చాయి" ఉంది, మనుషులు కానివి ఒకటికంటే ఎక్కువ ఉంటేనే వస్తుంది. అందుకే ఫోన్లో ముందూ వెనకా లేకుండా "వచ్చాయా?" అంటే ముందు డబ్బులే మనసులో మెదులుతాయి. "వచ్చిందా?" అంటే ఓటీపీనో, కొరియరో, బస్సో, కోడలో చెప్పలేం.

అసలు కిటుకు ప్రత్యయం లేని రూపాల్లో ఉంది. రాలేదు, వెళ్ళాలి, రావచ్చు, అడక్కూడదు, వస్తే, వచ్చి, వచ్చేసరికి: వీటిలో పురుష, లింగ, వచనాలేవీ కనపడవు. "రాలేదు" ఇంకో చిక్కు కూడా తెస్తుంది. "రాలేను, రాలేవు, రాలేడు" వరసలో అది "ఆమెకి (లేదా దానికి) రావడం కుదరదు" అని కూడా అర్థమిస్తుంది. కర్త జారిపోవడానికి కారణం ప్రత్యయం ఒక్కటే అయితే, ఇలాంటి చోట్ల మనం తప్పకుండా కర్తని చెప్పాలి. చెప్పం. "ఇంక వెళ్ళాలి", "తినలేదా?", "వస్తే చెప్పు" అని హాయిగా వదిలేస్తాం. అంటే ప్రత్యయం సగం పనే చేస్తోంది. మిగతా సగం సందర్భానిది.

ఓరుగల్లు | సోమవారం, ఉదయం 10:25

మా దిక్కు ఇంకో ముడి ఉంటది. "నేను నిన్న వచ్చిన" అన్నా, "నిన్న వచ్చిన చుట్టాలు" అన్నా అదే "వచ్చిన". వాక్యం ఆఖర్ల పడ్డదా, పేరు ముందట పడ్డదా అన్నదే తేడా. అందుకే "నిన్న వచ్చిన" అని మనిషి ఆగితే గొంతు వినాలె. గొంతు దిగితే వాక్యం అయిపోయినట్టు, కర్త నేను. దిగకపోతే ఇంకో పేరు వస్తున్నట్టు. రాతల ఈ గొంతు ఉండదు. వాట్సాప్‌ల ఫుల్‌స్టాప్ పెట్టకుండ పంపితే కోస్తావాళ్ళకు ఇది సగం వాక్యం లెక్కనే కనిపిస్తది.

కోస్తాల "వస్తాను" పోయి "వస్తా" మిగిలింది కద. ఆ "ను" ఎట్ల పోయింది అంటే, పోయినా ఇంకెవ్వరితోటీ కలువదు. "వస్తావు" చిన్నగైనా "వస్తావ్" దగ్గర్నే ఆగుతది, "వస్తా" దాక రాదు.

క్రియాంతం | సోమవారం, ఉదయం 11:02

ఓరుగల్లు గారు చెప్పిన "ను" సంగతి బాగుంది. ప్రత్యయం లేనిచోట కర్తని ఎలా పట్టుకుంటామో కాస్త వివరంగా.

ఆకలి, నొప్పి, ఇష్టం, తెలియడం, గుర్తుండడం లాంటి లోపలి సంగతుల్లో లెక్క దాదాపు ఖాయం. మామూలు వాక్యమైతే నాకు, ప్రశ్న అయితే నీకు. "ఆకలేస్తోంది" అంటే నాకు. "ఆకలేస్తోందా?" అంటే నీకు. "తెలీదు", "తెలీదా?" కూడా ఇంతే. మూడో మనిషి ఆకలి గురించైతే పేరు రావాల్సిందే, పైగా "ట" కూడా తగులుకుంటుంది: "వాడికి ఆకలేస్తోందిట." ఇంకొకరి కడుపులో ఏముందో మనకి నేరుగా తెలియదు కాబట్టి వినేవాడు ఆ అర్థాన్ని ఊహించడు. ఊహించనిదాన్ని వదలకూడదు.

"ఆలి" రూపంలో మాట్లాడేవాడి హోదా కూడా కలుస్తుంది. చుట్టం లేచి నిలబడి "వెళ్ళాలి" అంటే తను. డాక్టరు "రోజూ నడవాలి" అంటే ఎదురుగా కూర్చున్న రోగి. పదాల్లో ఏ తేడా లేదు. ఎవరు ఎవరితో అంటున్నారన్నదే తేల్చేస్తుంది.

కరెంటు పోగానే "పోయింది" అంటారు, ఏది అని ఎవరూ అడగరు. పొయ్యి మీద గిన్నె ఉండగా "పాలు!" అని అరిస్తే చాలు, పొంగుతున్నాయని చెప్పక్కర్లేదు. "పోయాడు" ఒక్కటే జాగ్రత్త. కర్తా గమ్యమూ రెండూ వదిలేసి ఫోన్లో అంటే అవతలి మనిషి గుండె ఆగినంత పనవుతుంది.

లెక్కలపంతులు | సోమవారం, మధ్యాహ్నం 1:15

దీన్ని కొలవొచ్చు. సమాచార సిద్ధాంతానికి పునాది వేసిన క్లాడ్ షానన్ 1948లో చేసిన ప్రతిపాదన ప్రకారం, ఒక పదం వచ్చే అవకాశం ఎంత తక్కువైతే అది మోసే సమాచారం అంత ఎక్కువ. ఆ సమాచారాన్ని కొలిచే ప్రమాణం బిట్. రెండింట్లో ఒకటిగా ఊహించగలిగితే 1 బిట్, ఎనిమిదింట్లో ఒకటైతే 3 బిట్లు, 1024లో ఒకటైతే 10 బిట్లు. 1951లో ఆయనే మనుషుల చేత తరవాతి అక్షరం ఊహింపజేసి, ఇంగ్లీషు రాతలో అక్షరానికి సుమారు 0.6 నుంచి 1.3 బిట్లే ఉంటాయని లెక్కగట్టాడు. ఖాళీని కలుపుకుని 27 గుర్తులూ సమానంగా వస్తే అది 4.75 ఉండేది. మిగతాదంతా ముందే ఊహకి అందుతున్నదన్నమాట.

తెలుగు మాటకి ఇదే చెయ్యాలంటే ఖాళీలు పూరించే పరీక్ష చాలు. విల్సన్ టేలర్ 1953లో మొదలుపెట్టిన పద్ధతే.

మామూలు సంభాషణని అనుమతితో రికార్డు చేసి 30 వాక్యాలు ఎంచుకోండి. పత్రికల్లోంచి తీస్తే పనికిరావు, అక్కడ జారాల్సిన పదాలన్నీ ముందే పూడ్చేసి ఉంటాయి. ఒక్కో వాక్యంలో ఒక్క పదమే తీసెయ్యండి. కనీసం 20 మందికి ముందు నడిచిన రెండు మూడు మాటలతో కలిపి ఇవ్వండి, ఇంకో 20 మందికి వాక్యం ఒక్కటే ఇవ్వండి. ఒకే మనిషికి రెండూ చూపించకూడదు. 20 మందిలో 16 మంది ఒకే పదం రాస్తే అవకాశం 0.8, అంటే 0.32 బిట్లు. ఇద్దరే రాస్తే 0.1, అంటే 3.32 బిట్లు. ఒక్కరు రాస్తే 4.32. ఎవరూ రాయని పదం ఎన్ని బిట్లో 20 మందితో తేలదు, దానికి జనం పెరగాలి. రెండు గుంపుల తేడానే సందర్భం ఇచ్చిన సాయం.

ఆ తరవాత అలాంటి చోట్ల ఆ పదం రికార్డింగుల్లో ఎన్నిసార్లు జారిందో పక్కన పెట్టి చూడాలి. జారిన పదం ఏదో రికార్డింగులో ఉండదు కాబట్టి ఇద్దరు మనుషులు ఒకరికి తెలియకుండా ఒకరు పూరించాలి. ఇద్దరూ ఒప్పుకున్నవే లెక్కలోకి తీసుకోవాలి.

తెలుగులో ఈ పరీక్ష చెడేది మూడు చోట్ల. ఒకటి సంధి: "ఇంటికెళ్ళాడు"ని ఒక పదం అనుకుంటే లెక్కంతా తారుమారు, ముందే విడగొట్టుకోవాలి. రెండోది మాండలికం: వెళ్ళాడు, పోయాడు, పోయిండు మూడూ మూడు జవాబులుగా లెక్కేస్తే ఊహించడం కష్టమైనట్టు తప్పుగా తేలుతుంది. మూడోది మర్యాద: "వచ్చాడు", "వచ్చారు" తేడా పదాన్ని ఊహించలేక రాదు, ఆ మనిషిని ఎంత గౌరవిస్తున్నారో తెలియక వస్తుంది. ఈ రెంటినీ ఒక గుంపుగా కలిపి ఒకసారి, విడిగా ఒకసారి లెక్కెయ్యండి.

అటకమీద | సోమవారం, మధ్యాహ్నం 2:40

అన్నీ బాగానే ఉన్నాయి కానీ ఒక అడ్డు ప్రశ్న. ఊహకి అందేదల్లా వదిలేస్తామంటున్నారు. "ఇంటికి వెళ్తున్నా"లో "కి" ఊహకి అందదా? వెళ్ళడం అంటే ఎక్కడికో వెళ్ళడమే కదా. మరి "ఇల్లు వెళ్తున్నా" అని ఎవరూ అనరేం?

క్రియాంతం | సోమవారం, సాయంత్రం 4:05

అనరు. కానీ "తిరుపతి వెళ్ళాం", "విజయవాడ వెళ్తున్నా", "ఊరెళ్ళాడు" అంటారు. ఏ తలుపులు తెరుచుకుంటాయో వ్యాకరణం చెబుతుంది. తెరిచిన తలుపులోంచి వెళ్ళాలా వద్దా అన్నదే ఊహ చేతిలో ఉంటుంది. ఊరి పేరుకి "కి" ఐచ్ఛికం. "ఇల్లు" అలా కాదు, దాని రూపమే "ఇంటి"గా మారిపోతుంది. "బడికి", "డాక్టర్ దగ్గరికి" కూడా తలుపు మూసినవే.

"ని" సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. "పుస్తకం చదివాను" చాలు. "రవిని చూశాను"లో "ని" తీస్తే వాక్యం కుంటుతుంది. పుస్తకం చదవబడేదే తప్ప చదివేది కాదు, ఎవరికీ అనుమానం రాదు. రవి చూసేవాడూ కావచ్చు, కనపడేవాడూ కావచ్చు. ప్రాణమున్న కర్మకి గుర్తు కావాలి, జడానికి అక్కర్లేదు. జపనీస్‌లో కర్మ గుర్తు ఉంచడమూ తీసెయ్యడమూ రెండూ చెల్లుతాయి. అక్కడ చిగుసా కురుమదా, ఫ్లోరియన్ యేగర్ అనే పరిశోధకులు 2015లో ప్రచురించిన ప్రయోగాల్లో, వాక్యం అర్థాన్ని బట్టే ఏది కర్మో సులువుగా తెలిసేచోట జనం ఆ గుర్తుని ఎక్కువగా వదిలేశారు. తెలుగులో చాలావరకు నియమంగా గట్టిపడిందే అక్కడ మొగ్గుగా కనిపిస్తోంది.

జవాబు ముక్కల్లో ఇంకో తలుపు చూడండి. "ఎవరికిచ్చావు?" అంటే "రవికి" అనాలి, "రవి" చాలదు. క్రియ మొత్తం పోవచ్చు, విభక్తి మాత్రం ఉండాలి. "ఎక్కడికి?" అంటే "తిరుపతి" అన్నా చెల్లుతుంది. ఎందుకో ఈ పోస్టు మొదటి పేరాలోనే ఉంది.

క్రియ చివర ఉండటం వల్ల ఇంకో వింత. "రవి కాఫీ, సీత టీ తాగారు" అంటాం. రవి ఏం చేశాడో సీత సంగతి అయ్యేదాకా తెలియదు, పైగా క్రియ ఇద్దరికీ కలిపి బహువచనంలోకి మారింది. ఇంగ్లీషులో క్రియ ముందే వచ్చేస్తుంది కాబట్టి రెండోసారి వదిలేస్తారు. ఈ దిక్కు తేడాకీ పదక్రమానికీ ఉన్న లంకెని భాషాశాస్త్రవేత్త జాన్ రాస్ 1970లో చర్చించాడు.

సైంధవం | సోమవారం, రాత్రి 8:20

ఈ చర్చలో మన శాస్త్రాల ఊసే రాకపోవడం ఆశ్చర్యంగా ఉంది. వాక్యార్థం తెలియాలంటే ఆకాంక్ష, యోగ్యత (అర్థాలు ఒకదానికొకటి పొసగడం), సన్నిధి (పదాలు వెంటవెంటనే రావడం) ఉండాలని, న్యాయశాస్త్రంలో తొలిపాఠం లాంటి తర్కసంగ్రహం చదివిన ఎవరైనా చెబుతారు. పంతులుగారు బిట్లలో కొలిచేది చాలావరకు ఆకాంక్షే: ఒక పదం వినగానే ఇంకో పదం కోసం మనసు ఎదురుచూడటం.

లేని పదాన్ని తెచ్చుకోవడాన్ని అధ్యాహారం అంటారు. "ద్వారమ్" (తలుపు) అని ఒక్క మాట అంటే "మూయి" అన్నది ఎక్కణ్ణుంచి వచ్చింది? వినేవాడు ఆ పదాన్నే మనసులో తెచ్చుకుంటాడని మీమాంసలో ఒక శాఖవాళ్ళు, కుమారిల భట్టు అనుయాయులైన భాట్టులు, అన్నారు. పదంతో పనిలేదు, అర్థాన్నే నేరుగా తెచ్చుకుంటాడని ఇంకో శాఖవాళ్ళు, ప్రభాకరుడి అనుయాయులైన ప్రాభాకరులు, అన్నారు. "పాలు!" విన్నవాడు "పొంగుతున్నాయి" అన్న పదం తెచ్చుకున్నాడా, లేక పొయ్యి వైపు పరిగెత్తాడా? నా మొగ్గు ప్రాభాకరుల వైపే. కానీ "రవికి" అన్న జవాబులో విభక్తి నిలవడం చూస్తే భాట్టుల వాదానికీ బలముంది, అక్కడ "ఇచ్చాను" అన్న పదమే లేకపోతే ఆ "కి" దేన్ని పట్టుకుని వేలాడుతున్నట్టు?

ఇక వదలడంలో వైయాకరణుల్ని, అంటే వ్యాకరణ పండితుల్ని, మించినవాళ్ళు లేరు. అర మాత్ర (హ్రస్వాచ్చు పలికే కాలంలో సగం) ఆదా అయితే కొడుకు పుట్టినంత పండగ చేసుకుంటారని వాళ్ళ మీద నానుడే ఉంది. పాణిని ఒక సూత్రంలో చెప్పిన పదాన్ని కింది సూత్రాల్లో చెప్పడు, అనువృత్తిగా పైనుంచి దిగుతుంది. సూత్రాన్ని విడిగా ఉటంకిస్తే అర్థం కాకపోవడానికి కారణం అదే.

గజంలెక్క | మంగళవారం, ఉదయం 7:55

శాస్త్రం పెద్దలు చూసుకుంటారు, నేను బేరాల సంగతి చెబుతా. స్థలాల దగ్గర అంకె వెనకున్నది ఎప్పుడూ చెప్పరు. "గజం ముప్పై" అంటే ముప్పై వేలు. "ఎకరం ముప్పై" అంటే ముప్పై లక్షలు. "ఫ్లాట్ ఒకటీ ఇరవై" అంటే కోటీ ఇరవై లక్షలు. అద్దె "పద్దెనిమిది" అంటే వేలు, నెలకి. జీతం "నలభై" అంటే నెలకి వేలు, ప్యాకేజీ "పన్నెండు" అంటే ఏడాదికి లక్షలు. కూరగాయల దగ్గర "పావు ఇరవై" అంటే 250 గ్రాములు ఇరవై రూపాయలు.

ధర ఏ స్థాయిలో ఉంటుందో ఇద్దరికీ ముందే తెలిసినంతసేపే ఇది నడుస్తుంది. ధరలు బాగా కదిలినప్పుడు, లేదా కొనేవాళ్ళు చాలా ఏళ్ళు బయట ఉండి వచ్చినప్పుడు తేడా పడుతుంది. ఇంకో గొయ్యి "ఒకటిన్నర": ఎకరాల మాట నడుస్తుంటే విస్తీర్ణమా, ధరా? పక్కపక్కనే రెండూ వస్తాయి. నోటి మాట ఎంత పొట్టిగా ఉన్నా ఫరవాలేదు, అడ్వాన్సు ఇచ్చే ముందు కాగితం మీద మాత్రం అంకె, అక్షరాలు, కొలత, దేనికి ఆ ధర అన్న నాలుగూ రాయించుకోవాలి.

మాత్రలడబ్బా | మంగళవారం, ఉదయం 9:30

దీనికి తోడు మందుల షాపు కౌంటరు. "పొద్దున ఒకటి, రాత్రి ఒకటి" మాత్రలకి సరిపోతుంది. అదే వాక్యం సిరప్‌కి చెబితే ఒకటి ఏమిటి? చెంచానా, మూతా, ఎమ్మెల్లా? చెంచా అంటే టీస్పూన్ 5 ఎమ్మెల్, టేబుల్‌స్పూన్ 15 ఎమ్మెల్, మూడు రెట్లు తేడా. పసిపిల్లల చుక్కల మందుకి "ఐదు" అంటే చుక్కలా, ఎమ్మెల్లా అన్నది ఇంకా ప్రమాదం. చెప్పేవాళ్ళకి చీటీ ఎదురుగా ఉంటుంది కాబట్టి కొలత మాట అనవసరం అనిపిస్తుంది. వినేవాళ్ళు ఇంటికెళ్ళి మూత తీసేటప్పుడు ఆ చీటీ చూడరు. సీసా మీదే రాసి, ఎమ్మెల్ గుర్తున్న కొలగిన్నెలో ఆ గీత చూపించి, వాళ్ళ చేత తిరిగి చెప్పించుకోవాలి. తిరిగి చెప్పేటప్పుడు వాళ్ళు ఏ పదం పూరిస్తారో అదే వాళ్ళకి అర్థమైంది.

అటకమీద | మంగళవారం, ఉదయం 10:10

అంటే మాట్లాడేవాడు వినేవాడి కోసం ఆలోచించి వదులుతున్నాడా, తనకి సులువని వదులుతున్నాడా? పై రెండు పోస్టులు చూస్తే రెండోదే అనిపిస్తోంది.

లెక్కలపంతులు | మంగళవారం, ఉదయం 11:20

తెగని వాదన అది. రెండువైపులా సాక్ష్యాలున్నాయి. ఫిలిప్ లీబర్‌మన్ 1963లో ఒక ఇంగ్లీషు సామెత చివర వచ్చే "నైన్"ని కత్తిరించి విడిగా వినిపిస్తే, "మీరు వినబోయే అంకె నైన్" అన్న వాక్యంలోంచి కత్తిరించిన "నైన్" కంటే గుర్తుపట్టడం కష్టమైంది. ఊహకి అందే చోట నోరు బద్ధకిస్తుంది, వినేవాడికి నష్టం లేనంత మేరకే బద్ధకిస్తుంది. కానీ ఎలెన్ బార్డ్ బృందం 2000లో చూపించింది ఇంకోటి: ఒకే పేరుని రెండోసారి చెప్పేటప్పుడు, ఎదుటి మనిషి మొదటిసారి విననివాడైనా సరే, ఉచ్చారణ మసకబారింది. తన నోటికి అలవాటైపోయింది, అవతలి చెవి సంగతి మరిచిపోయారు. కౌంటరు దగ్గర జరిగేది ఈ రెండో రకం.

గోదారిగట్టు | మంగళవారం, మధ్యాహ్నం 12:45

కావాలని వదిలేది ఇంకోటుందండి, దాన్ని బద్ధకం అనడానికి వీల్లేదు. "ఓ రెండు వేలుంటే..." అని ఆగిపోతారు. "ఏం లేదండీ, ఓసారి పలకరిద్దామని..." అంటారు. వాక్యంలో ముఖ్యమైన క్రియే లేదు. సర్దమని నోరు తెరిచి అడిగితే అవతలాయన నోరు తెరిచి కాదనాలి. అడగకపోతే కాదనాల్సిన పనీ లేదు. "అయ్యో, నిన్నే కట్టేశామండీ" అని ఆయన కూడా సగంలోనే వదిలేస్తాడు.

ఇంగ్లీషులో "అని"కి సాటివచ్చే "that" తరచూ జారిపోతుంది. మన "అని" గట్టిది, అది నిలబడి దాని తరవాతి క్రియనే పడేస్తుంది. "రేపొస్తానని" అంటే చాలు, చెప్పాడో అన్నాడో అక్కర్లేదు.

తెలుగుబడి_న్యూజెర్సీ | మంగళవారం, రాత్రి 9:15

పిల్లలకి నేర్పేటప్పుడు తలకిందుల సమస్య. "నేను లేచాను, నేను పళ్ళు తోముకున్నాను, నేను పాలు తాగాను" అని ప్రతి వాక్యానికీ కర్త పెడతారు. వ్యాకరణం తప్పులేదు, చెవికి మాత్రం గొడవ పడుతున్నట్టుంటుంది. ఎలా మానిపించాలి?

క్రియాంతం | మంగళవారం, రాత్రి 10:00

గొడవలా వినిపించడానికి కారణం ఉంది. ఊహకి అందే పదాన్ని పనిగట్టుకుని చెబితే వినేవాడు దానికో కారణం వెతుకుతాడు. "తోమాను" అంటే సంగతి. "నేను తోమాను" అంటే తోమింది తమ్ముడు కాదు, నేను. కాబట్టి తీసెయ్యమని చెప్పడం కంటే ఎప్పుడు పెట్టాలో నేర్పండి. "గిన్నెలు కడిగావా?" "కడిగాను." "గిన్నెలు ఎవరు కడిగారు?" "నేను." ఈ రెండు ప్రశ్నల్నీ మార్చి మార్చి పది నిమిషాలు ఆడించండి. అవును, కాదు అని కాకుండా క్రియతోనే జవాబు చెప్పించండి. తరవాత "కడగలేదు" రూపం ఎక్కించండి, అక్కడ ప్రత్యయం సాయం ఉండదు కాబట్టి ఎవరి గురించి అడిగారో చెవిపెట్టి వినాల్సి వస్తుంది.

ఉపశీర్షిక | బుధవారం, ఉదయం 8:40

సబ్‌టైటిళ్ళకి ఈ చర్చలోంచి నేను తీసుకున్న చెక్‌లిస్టు ఇది. యంత్రానువాదానికి స్క్రిప్టు ఇచ్చే ముందు లేదు, ఆలి, వచ్చు, కూడదు, తే రూపాలన్నీ వెతికి కర్తని చేత్తో రాయడం. "వచ్చింది", "వచ్చారు" ఎదురైన చోట ఎవరో మార్జిన్‌లో గుర్తు పెట్టడం. యంత్రం ఒక్కో వాక్యాన్నే చూస్తే ముందు సీనులో ఎవరి మాట నడిచిందో దానికి తెలియదు, "రాలేదు"కి ఏదో ఒక సర్వనామం అంటించేస్తుంది. ఇంకా ఒకటి తేలలేదు: "వస్తే చెప్పు." ఇందులో వచ్చేదెవరో, చెప్పాల్సింది ఎవరికో రెండూ లేవు. సీను చూసినా ఒక్కోసారి తెలియదు.

క్రియాంతం | బుధవారం, ఉదయం 9:25

చెప్పాల్సింది "నాకు" అనే ముందు అనుకోండి. మూడో మనిషికైతే "వాళ్ళకి చెప్పు" అని పేరో సర్వనామమో దాదాపు తప్పకుండా వస్తుంది. వచ్చేదెవరన్నదానికి వెనక్కి వెళ్ళి, ఇద్దరూ ఎదురుచూస్తున్నట్టు చివరగా ప్రస్తావించినదాన్ని పట్టుకోండి, అది మనిషైనా పార్సిలైనా సరే. చివరగా ప్రస్తావించిన పేరు అని నేను అనడం లేదు, ఎదురుచూస్తున్నది అన్నాను. ఆ రెండూ వేరైతే ఎదురుచూపుకే ఓటు. అప్పటికీ తేలకపోతే ఇంగ్లీషులో కర్త అక్కర్లేని వాక్యంగా మార్చి రాయండి, తప్పు సర్వనామం కంటే అది నయం.